మొబైల్ కార్ డీటెయిలింగ్ మొదలుపెడదామనుకుంటున్నా, మొదట్లో చేసే తప్పులేంటో చెప్పండి

కొత్తబకెట్:

అందరికీ నమస్కారం. నాది హైదరాబాద్, మియాపూర్. ఏడేళ్ళు ఒక కార్ల షోరూమ్‌లో డెలివరీ సెక్షన్‌లో చేశాను. కొత్త బండి ఓనర్ చేతికిచ్చే ముందు కడగడం, తుడవడం, లోపలి ప్లాస్టిక్ కవర్లు పీకడం, చివరికి రిబ్బన్ కట్టడం దాకా అన్నీ మా పనే. పోయిన నెల మానేశాను. ఇంటి దగ్గరికే వెళ్ళి కార్లు శుభ్రం చేసే పని సొంతంగా పెట్టుకోవాలని రెండేళ్ళుగా మనసులో ఉంది.

చేతిలో 4 లక్షలున్నాయి. అందులో లక్ష మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి ఇచ్చింది, అందుకే కొంచెం టెన్షన్. సెకండ్ హ్యాండ్ వ్యాన్ ఒకటి రెండున్నర లక్షలకి మాట్లాడాను, ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. అందులో 500 లీటర్ల ట్యాంకు, జనరేటర్, ప్రెషర్ వాషర్, వాక్యూమ్, బఫింగ్ మెషీన్ బిగించి, మొదటి రోజు నుంచే సెరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసే రక్షణ పొర) కూడా చేస్తామని స్టిక్కర్ వేద్దామని ప్లాన్. ఫోమ్ వాష్ 499 పెడితే జనం వస్తారనుకుంటున్నా. కొండాపూర్, కూకట్‌పల్లి, మణికొండ, కొంపల్లి, ఎల్బీనగర్, ఎక్కడికి పిలిచినా వెళ్తాను.

ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మీరు ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పండి. మొహమాటపడకుండా చెప్పండి, ఇప్పుడు వింటేనే నాకు ఉపయోగం.

నిజాంపేట_వాష్:

తమ్ముడూ, ఆరేళ్ళుగా ఇదే పని. నువ్వు రాసింది చదువుతుంటే మొదటి ఏడాది నన్ను నేను చూసుకున్నట్టుంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ వ్యాన్‌కి అడ్వాన్స్ ఇవ్వకు. 500 లీటర్ల నీళ్ళంటే అర టన్ను బరువు. పాత వ్యాన్, వెనక అర టన్ను నీళ్ళు, పక్కన జనరేటర్, మెషీన్లు, నువ్వు, ఇంకో మనిషి. సగం నిండిన ట్యాంకుతో బ్రేక్ వేస్తే లోపలి నీళ్ళు ముందుకి తోస్తాయి, బండి ఆగినట్టే ఆగి ఇంకో అడుగు కదులుతుంది. నాకు మొదటి నెలలోనే జేఎన్‌టీయూ దగ్గర సిగ్నల్లో గుండె ఆగినంత పనైంది. పైగా ప్రెషర్ వాషర్‌తో జాగ్రత్తగా కడిగితే ఒక కారుకి 50, 60 లీటర్లకి మించి పట్టవు. రోజుకి నాలుగు బళ్ళనుకున్నా 200, 250 లీటర్లు చాలు, మధ్యలో ఒకసారి నింపుకోవచ్చు. తెల్ల బోర్డు బండిలో ట్యాంకు బిగించి వ్యాపారం చేయాలంటే ఏం కావాలో ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకో, బిగించాక కాదు.

కరెంటు లెక్క కూడా చెప్తా, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. జనరేటర్ అంటే సౌండు. సెల్లార్‌లో పెట్టావంటే మూడో అంతస్తు దాకా వినపడుతుంది, పొగ కూడా, మూసి ఉన్న చోట ఆ పొగ ప్రాణానికే ప్రమాదం. నేను ఇన్వర్టర్‌కి మారాను. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు, లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ రోజులు బతకాలంటే అందులో సగమే వాడాలి, అంటే 900. ప్రెషర్ వాషర్ 1500 వాట్లే అయినా నొక్కి పట్టుకునేది కారుకి ఎనిమిది పది నిమిషాలే. తినేసేది వాక్యూమ్. 1200 వాట్ల వాక్యూమ్ ఒక ఎస్‌యూవీ లోపల అరగంట తిరిగితే 600 అక్కడే పోతాయి. ఈ లెక్క తెలియక మధ్యాహ్నానికే బ్యాటరీ చచ్చి, కస్టమర్ ఇంట్లో ప్లగ్గు అడుక్కున్న రోజులు చాలా ఉన్నాయి. అన్నట్టు, 12 వోల్టుల మీద అంత లోడు లాగాలంటే వందకి పైగా ఆంపియర్లు నడుస్తాయి, వైర్లు చూపుడువేలంత లావు ఉండాలి, సన్న వైర్లు వేస్తే కాలిపోతాయి.

ఇక 499. నీ దగ్గర కాగితం ఉంటే వేసి చూడు. ఒక బండికి గంటం పావు, మధ్యలో ప్రయాణం ముప్పావుగంట. ఎంత చచ్చీ చెడీ చేసినా రోజుకి ఐదు బళ్ళు, అంటే 2495. హెల్పర్‌కి 700, పెట్రోలు 300, షాంపూలు గుడ్డలు 200, వ్యాన్ మీద పెట్టిన డబ్బు రోజుకి ఒక 350 అనుకో. మిగిలేది 945. వానలు, పండగలు, ఒంట్లో బాగోని రోజులు తీసేస్తే నెలకి 22 రోజులు పని దొరకడం గొప్ప. ఇరవై వేల చిల్లర. అది కూడా ప్రతిరోజూ ఐదు బళ్ళు నిండితే. నువ్వు మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్తానంటున్నావు, అలా వెళ్ళిన రోజు రెండు బళ్ళు కూడా కావు.

కాబట్టి మూడు ఏరియాలు పెట్టుకో, అంతకి మించి కదలకు. మియాపూర్, బాచుపల్లి, నిజాంపేట, లేదా నువ్వుండే చోటికి ఐదారు కిలోమీటర్ల లోపు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకేరోజు నాలుగు బళ్ళు దొరికేలా చూసుకుంటే ప్రయాణం ఖర్చు సున్నా. మొదటి ఏడాది నేను ఊరంతా తిరిగాను, రెండో ఏడాది నాలుగు అపార్ట్‌మెంట్లకే పరిమితమయ్యాను, రేటు పెంచాను, అయినా బళ్ళు పెరిగాయి. లోపలా బయటా కలిపి చిన్న బండికి 1500, పెద్దదానికి 2200 తీసుకుంటాను. 499 చూసి వచ్చేవాడు ఇంకెవడైనా 449 అంటే అటు వెళ్ళిపోతాడు.

ఇప్పుడు నాకు తగిలిన పెద్ద దెబ్బ. మే నెల, మధ్యాహ్నం పన్నెండు, ఓపెన్ పార్కింగ్‌లో నల్ల సెడాన్. వాళ్ళ బోరు నీళ్ళతోనే కడిగాను. బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, షాంపూ వేసింది వేసినట్టే ఎండిపోతోంది, నేను ఒక డోరు తుడిచేలోపు రెండో డోరు మీద నీటి బొట్లు ఆరిపోయి తెల్లటి చుక్కలు పడ్డాయి. బట్టతో పోలేదు. కంగారులో బఫింగ్ మెషీన్ తీసి కాంపౌండ్ (పెయింట్‌ని అరగదీసే పేస్టు) పెట్టి రుద్దాను. చుక్కలు పోయాయి, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ రూఫ్ అంచు మీదికి వెళ్ళేసరికి అక్కడ పెయింట్ పలచబడి లోపలి ప్రైమర్ కనిపించింది. రూఫ్ మొత్తం రంగు వేయించడానికి నా జేబులోంచి 7000 పోయాయి, ఆ కస్టమర్ మళ్ళీ నా ఫోన్ ఎత్తలేదు.

తర్వాత తెలుసుకున్నదేంటంటే, మామూలు కార్లకి ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్ అన్నీ కలిపినా 100 నుంచి 140 మైక్రాన్లే, అంటే ఇంచుమించు ఒక జెరాక్స్ పేపర్ మందం. అందులో మనం రుద్దగలిగేది పైనున్న క్లియర్ కోట్, అది 40 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. అంచుల దగ్గర ఇంకా పలచన. రోటరీ మెషీన్ ఒకే చోట తిరిగి వేడి పుట్టిస్తుంది, కొత్తవాళ్ళ చేతికి అది ఇవ్వకూడదు. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషీన్ కొనుక్కో, అది కూడా ఆరు నెలల తర్వాత, ముందు స్క్రాప్ యార్డులో పాత బానెట్ ఒకటి తెచ్చుకుని దాని మీద చెయ్యి తిప్పుకో.

కొత్తబకెట్:

అన్నా, 945 దగ్గర ఆగిపోయాను. షోరూమ్‌లో నాకు జీతమే 23 వేలు వచ్చేది. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. వ్యాన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాను. కానీ వ్యాన్ లేకుండా ఎలా చేయాలి? అపార్ట్‌మెంట్లలో లోపలికి రానిస్తారా?

సెల్లార్_కార్యదర్శి:

కొండాపూర్‌లో 180 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి అసోసియేషన్ సెక్రటరీగా చేస్తున్నాను. మీరు అడిగిన రెండో ప్రశ్నకి మా వైపు నుంచి చెప్తాను బాబూ.

మేము వద్దనడానికి కారణం మీ మీద కోపం కాదు. రెండేళ్ళ క్రితం ఒకతను ఆదివారం పొద్దున సెల్లార్‌లో ప్రెషర్ వాషర్ పెట్టి వరసగా మూడు బళ్ళు కడిగాడు. సబ్బు నీళ్ళు ర్యాంపు వైపు పారాయి. లిఫ్ట్ దగ్గర ఒక పెద్దావిడ జారి పడ్డారు, మణికట్టు విరిగింది. నీళ్ళు వెళ్ళే దారి ఎక్కడుందో అతను చూడనే లేదు, అడిగితే మేమే చూపించేవాళ్ళం. అతను కామన్ ఏరియా ప్లగ్గులో వైరు పెట్టి, ఆ వైరుని బళ్ళు తిరిగే దారికి అడ్డంగా వేశాడు, తడి నేల మీద. ఆ తర్వాత జనరల్ బాడీలో ఒక్కరు కూడా అతని తరఫున మాట్లాడలేదు.

ఇప్పుడు మా దగ్గర ఇద్దరికి అనుమతి ఉంది. వాళ్ళిద్దరూ ముందు లెటర్ ఇచ్చారు, తమ ఆధార్ కాపీ, హెల్పర్లది కూడా. నీళ్ళు తక్కువ వాడే పద్ధతిలోనే చేస్తారు, పొద్దున ఏడు నుంచి పదకొండు వరకే, కోన్లు పెట్టుకుంటారు, పనయ్యాక నేల వైపర్‌తో లాగి ఆరబెట్టి మరీ వెళ్తారు. అడగకముందే చేశారు ఈ పని, అందుకే మేం వాళ్ళని వదులుకోం.

ఇంకొక్క మాట. మా దగ్గర రోజూ బళ్ళు తుడిచే అబ్బాయిలు నలుగురున్నారు, బండికి నెలకి ఆరువందలు తీసుకుంటారు. కొత్తగా వచ్చేవాళ్ళు వాళ్ళ పని లాక్కోవడానికి చూస్తారు, అదే పెద్ద తప్పు. ఏ ఫ్లాట్ బండి లోపల వాసన వస్తోంది, ఎవరి సీటు మీద పాలు ఒలికాయి, ఎవరు అమెరికా వెళ్ళి ఆరు నెలలుగా బండి దుమ్ము పట్టి ఉంది, అన్నీ వాళ్ళకే తెలుసు. మా దగ్గరికొచ్చే ఒకతను ఆ అబ్బాయిలు చూపించిన ప్రతి బండికీ వందో నూటయాభయ్యో వాళ్ళ చేతిలో పెడతాడు. అతనికి ప్రకటనలు అక్కర్లేకుండా పోయింది.

విశాఖ_మెరుపు:

నేను వైజాగ్‌లో గాజువాక, మల్కాపురం వైపు చేస్తాను. సెరామిక్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

మా వైపు పోర్టు నుంచి బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి గాలిలో వస్తాయి, పైన సముద్రపు ఉప్పు గాలి. తెల్ల బండి మీద చిన్న చిన్న తుప్పు చుక్కలు పడతాయి, కడిగితే పోవు, అవి పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రేణువులు. కడిగి ఆరిన బండి చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. అప్పుడు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద వేళ్ళతో మెల్లగా రాసి చూడండి, ఉప్పుకాగితం మీద రాసినట్టు గరగరమంటుంది. ఆ గరుకు మీద కోటింగ్ వేస్తే గరుకుని లోపల పెట్టి తాళం వేసినట్టే. ఇనుప రేణువుల్ని కరిగించే ఐరన్ రిమూవర్ కొట్టాలి, గరుకుని లాగేసే మట్టిముద్ద లాంటి క్లే బార్ వేయాలి, గీతలుంటే పాలిష్ చేయాలి, పాలిష్ మిగిల్చిన నూనె అంతా తుడవాలి, ఆ తర్వాతే కోటింగ్. అసలు కోటింగ్ పూయడం రెండు మూడు గంటల పని, దాని ముందు పని ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు.

ఆ తర్వాత అది ఆరాలి. ఇంటి ముందు చెట్టు కింద కోటింగ్ వేసి వెళ్ళిపోతే రాత్రి మంచు పడుతుంది, ఆకులు పడతాయి, పిట్టలు రెట్ట వేస్తాయి. నేను మొదటి ఏడాదిలో మధురవాడలో ఒక ఇంటి ఆవరణలో చేశాను. గాలి మొదలైంది, తుడవడం రెండు నిమిషాలు ఆలస్యమైంది, డోరు మీద ఇంద్రధనస్సు మరకలు గట్టిపడిపోయాయి. మళ్ళీ పాలిష్ చేసి మొత్తం తీసి మళ్ళీ వేశాను, రెండు రోజుల కూలి, ఒక సీసా కోటింగ్ గంగపాలు. అందుకే మూత ఉన్న షెడ్డు దొరికేదాకా కోటింగ్ ఒప్పుకోవద్దు. మొబైల్‌గా చేసేవాళ్ళకి బాగా నప్పేది వాష్, లోపలి క్లీనింగ్, చేతితో పెట్టే వ్యాక్స్ లేదా స్ప్రే సీలెంట్. వైజాగ్‌లో నాకు ఇప్పటికీ ఆదాయంలో ఎక్కువ భాగం లోపలి క్లీనింగ్ నుంచే.

దసరా గురించి కూడా చెప్పాలి. ఆయుధ పూజకి ముందు నాలుగు రోజులు ఫోన్ ఆగదు. కొత్తవాళ్ళు వచ్చిన ప్రతి ఫోన్‌కీ సరేనంటారు, రోజుకి తొమ్మిది బళ్ళు ఒప్పుకుంటారు, ఆరో బండికి గుడ్డలు మాసిపోతాయి, అదే గుడ్డతో ఏడోది తుడుస్తారు, పెయింట్ నిండా సాలెగూడు లాంటి గీతలు. నేను ఆ నాలుగు రోజులూ ఐదు బళ్ళకి మించి ఒప్పుకోను. మిగతావాళ్ళకి పండగ తర్వాత వారంలో రమ్మంటాను, ఎందుకంటే అసలు పని అప్పుడే ఉంటుంది. బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం బొట్లు పెట్టి వారం రోజులు ఎండలో వదిలేస్తారు, కుంకుమ రంగు తెల్ల పెయింట్‌లోకి దిగుతుంది. పొడి గుడ్డతో రుద్దకండి, కుంకుమలో సన్నటి గరుకు ఉంటుంది, గీతలు పడతాయి. ముందు నీళ్ళతో నానబెట్టి, పారే నీళ్ళతో పోనిచ్చి, అప్పుడు షాంపూ గ్లవ్. అది దేవుడి బొట్టు కాబట్టి ఓనర్‌ని అడిగి తీయండి, కొంతమంది ఒక బొట్టు ఉంచమంటారు.

రెండో_అంతస్తు_అమ్మ:

నేను ఈ పని చేసేదాన్ని కాదు, చేయించుకునేదాన్ని. నల్లగండ్లలో ఉంటాం. ఇప్పటిదాకా నలుగురిని పిలిచాను, ఒకతన్నే రెండేళ్ళుగా పిలుస్తున్నాను. ఎందుకో చెప్తే ఉపయోగపడుతుందేమో.

మొదటతను మా పాప కార్ సీటు తీసి లోపల శుభ్రం చేశాడు, బాగానే చేశాడు, కానీ సీటు తిరిగి పెట్టేటప్పుడు బెల్టు సరిగా బిగించలేదు. మూడు రోజుల తర్వాత చూసుకున్నాను, చేత్తో లాగితే సీటు మొత్తం ముందుకొచ్చేసింది. ఆ మూడు రోజులూ ఔటర్ రింగ్ రోడ్డు మీద పాపని అందులోనే తీసుకెళ్ళాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. దయచేసి పిల్లల సీటు ఉంటే ఓనర్‌నే తీయమనండి, ఓనర్‌నే పెట్టమనండి.

రెండో అతను ఆగస్టులో వచ్చి కార్పెట్ అంతా తడిపాడు. పైన చూస్తే ఆరినట్టే ఉంది, కింద స్పాంజి తడిగానే ఉండిపోయింది. నాలుగో రోజు డోరు తీస్తే నానబెట్టిన బట్టలు బకెట్లో మర్చిపోయినట్టు వాసన. ఫోన్ చేస్తే పెర్ఫ్యూమ్ సీసా ఒకటి పంపించాడు. ఆ వాసన, ఈ వాసన రెండూ కలిసి తలనొప్పి.

ఇప్పుడు వచ్చే అతను రాగానే ముందు బండి చుట్టూ వీడియో తీసి, పాత గీతలన్నీ నాకు చూపించి, ఆ వీడియో నాకే వాట్సాప్‌లో పంపిస్తాడు. సీట్ల కింద దొరికినవన్నీ, రూపాయి బిళ్ళలు, పాప క్లిప్పులు, ఒకసారి నా చెవి దిద్దు శీలతో సహా, ఒక జిప్ కవర్‌లో వేసి చేతికిస్తాడు. వానాకాలంలో కార్పెట్ తడపను మేడమ్, పొడిగా చేస్తాను, తడి పని ఎండ వచ్చాక చేద్దాం అంటాడు. అతను మిగతావాళ్ళ కంటే 400 ఎక్కువ తీసుకుంటాడు, నేను ఎప్పుడూ బేరమాడలేదు.

నిజాంపేట_వాష్:

మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి, అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు. వాటిని పీకకూడదు, తడపకూడదు, సీటు విప్పే పని పెట్టుకోకూడదు. రూఫ్ లైనింగ్‌ని కూడా తడిపి రుద్దితే లోపలి జిగురు ఊడి గుడ్డ కిందికి వేలాడుతుంది, మైక్రోఫైబర్ మీద కొంచెం మందు కొట్టి పైపైన అద్దడమే. ఇంజిన్ మీదికి ప్రెషర్ వాషర్ అసలు తిప్పకు. టైర్లకి పెట్టే మెరుపు ద్రవం పెడల్స్‌కీ, స్టీరింగ్‌కీ, బ్రేక్ డిస్కులకీ తగలకూడదు, కాలు జారితే ప్రాణం మీదికొస్తుంది.

బెంగళూరులో_కడపోడు:

వ్యాన్ లేకుండా ఎలా అన్నావు కదా. నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో వ్యాన్ లేకుండానే నాలుగేళ్ళ నుంచి చేస్తున్నా, స్కూటర్ మీద.

2024 మార్చిలో ఇక్కడ నీళ్ళ కటకట వచ్చినప్పుడు వాటర్ బోర్డు తాగే నీళ్ళతో బళ్ళు కడిగితే 5000 జరిమానా అని ఆర్డర్ ఇచ్చింది. ట్యాంకు వ్యాన్ల మీద లక్షలు పెట్టిన నా ఫ్రెండ్స్ ఇద్దరు ఆ రెండు నెలలు ఇంట్లోనే కూర్చున్నారు. నేను అప్పటికే రిన్స్‌లెస్ వాష్ (మందు కలిపిన నీళ్ళతో తుడిచాక మళ్ళీ నీళ్ళు పోసి కడగనక్కర్లేని పద్ధతి) చేస్తున్నా, ఒక బండికి 8, 10 లీటర్లు చాలు. బకెట్లో మందు కలిపి, ఎనిమిది పది మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానేసి, ముందు చేతి పంపు స్ప్రేయర్‌తో ప్యానెల్ మొత్తం తడిపి రెండు నిమిషాలు వదిలేయాలి, తర్వాత గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఒక వైపు ఒకసారే ఒకే దిక్కుకి లాగాలి, మురికైన వైపు మళ్ళీ బండికి తగలకూడదు, గుడ్డ అయిపోతే బకెట్లో ముంచకుండా పక్క సంచిలో పడేయాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, అదే గుడ్డ మళ్ళీ ముంచి వాడతారు. అలాగే కింద పడిన గుడ్డని దులిపి వాడకూడదు, ఒక్క ఇసుక రేణువు చాలు. గుడ్డలు ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వేయొద్దు, నీళ్ళు పీల్చడం మానేస్తాయి. బెల్టు బకిల్, ఉంగరం, వాచీ తీసేసి పనిలోకి దిగాలి.

అడుగున బురద గడ్డకట్టిన బండికి మాత్రం ఇది పనికిరాదు, ఊరెళ్ళొచ్చిన ఎస్‌యూవీ అయితే ముందు వాటర్ వాష్ చేయించుకు రమ్మని చెప్పేస్తా. రాని పని ఒప్పుకుని గీతలు పెట్టడం కంటే అది నయం.

మొత్తం నా సామాన్లు మొదట్లో 35 వేల లోపే అయ్యాయి, చిన్న వాక్యూమ్‌తో కలిపి. చిన్న వ్యాపారాలకి చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో ఉచితమే, ఏజెంటుకి డబ్బులివ్వకు. సర్వీసులకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. అప్పే కావాలంటే కేంద్ర ప్రభుత్వ ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, నగలు పెట్టడం కంటే ముందు బ్యాంకుకి వెళ్ళి అడిగి చూడు. వచ్చే డబ్బులకి వేరే ఖాతా పెట్టుకో, యూపీఐ క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే ఉండాలి. నాకు మొదటి ఏడాది ఎంత మిగిలిందో ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే అదే ఖాతాలోంచి ఇంటి సరుకులు, పాప ఫీజు అన్నీ పోయాయి.

కొత్తబకెట్:

అందరికీ చేతులెత్తి దండం. వ్యాన్ అతనికి వద్దని చెప్పేశాను. నగలు ఈ వారంలోనే విడిపిస్తున్నాను, వడ్డీ కట్టి. సామాన్లకి 40 వేలు, మిగతాది ఆరు నెలల ఇంటి ఖర్చుకి పక్కన పెట్టాను. మొదటి మూడు నెలలు వాష్, లోపలి క్లీనింగ్ మాత్రమే, స్కూటర్ మీద, మూడు ఏరియాలు. బఫింగ్ మెషీన్ ముట్టుకోను. నిన్న మా పక్క అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి లెటర్ ఇచ్చి వచ్చాను, ఆధార్ జతచేసి. అక్కడ రోజూ బళ్ళు తుడిచే అతనితో టీ తాగాను, మాది ఒకే మండలం అని తేలింది.

ఒక్కటే డౌట్. నీళ్ళలో కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటర్ 250కి కొన్నాను, మా బోరు నీళ్ళు 940 చూపిస్తోంది. రిన్స్‌లెస్‌కి కూడా చుక్కలు పడతాయా? లేక ప్రతిసారీ మంచినీళ్ళ క్యాన్ కొనాలా?

నిజాంపేట_వాష్:

940 అంటే ముదురు రంగు బండి మీద కచ్చితంగా పడతాయి, తెల్లదాని మీద కనిపించవు అంతే. వీధి చివర ఆర్వో ప్లాంటులో 20 లీటర్ల క్యాన్ తీసుకుంటే రెండు బళ్ళు అవుతాయి, కారుకి పది రూపాయలు కూడా పడదు. నీడలో చెయ్యి, పొద్దున తొమ్మిదిన్నర లోపు ముగించు, రూఫ్ నుంచి మొదలుపెట్టి ఒక ప్యానెల్ తడిపి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడే రెండోదానికి వెళ్ళు. గుడ్డలు ఉతికేటప్పుడు చివరి జాడింపు కూడా ఆ నీళ్ళతోనే, లేకపోతే గుడ్డలు గట్టిపడిపోతాయి.

ఆదివారం పొద్దున ఆరున్నరకి నాకు బాచుపల్లిలో మూడు బళ్ళున్నాయి, అందులో ఒకటి నల్లది. ఖాళీ ఉంటే గుడ్డలు తెచ్చుకుని వచ్చెయ్, లొకేషన్ మెసేజ్‌లో పంపిస్తా.